తుపాకికి పసుపు

మొన్న కోడలితో కలిసి మా వీధిలోని బ్యాంకుకు వెళ్ళాను. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కాపలా మనిషి, అతని మోకాళ్ళ మధ్య రెండు గొట్టాల తుపాకి. ఎవరైనా ముందు మనిషి ముఖం చూస్తారు. నేను తుపాకి కట్టె చూశాను. పాపం, నూనె మొహం చూడక చలికాలపు మడమలా పగిలిపోయి ఉంది. పగులు కనపడకుండా నల్ల టేపు చుట్టారు. నా చెయ్యి నా మాట వినలేదు. వంగి బొటనవేలితో ఆ కట్టెను ఒక్కసారి రుద్ది చూశాను. అతను ఉలిక్కిపడి లేచి “ఏ మావ్‌శీ, దూర్ వ్హా!” అని, దూరం జరగమని అరిచాడు. నేను తగ్గుతానా? దీనికి నూనె పెట్టి ఎన్నాళ్ళయింది, కనీసం మైనమైనా రాస్తావా లేదా అని మరాఠీలో నిలదీశాను. లైనులో ఉన్నవాళ్ళంతా చెక్కులూ పాస్‌బుక్కులూ మరిచిపోయి నన్నే చూశారు. కోడలు నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఇంటికొచ్చాక వాళ్ళమ్మకు ఫోనులో చెబుతుంటే వినపడింది, అత్తకు ఏదో అయిందని. నాకేమీ కాలేదు. నేను నర్సింహులు కోడలిని, అంతే.

పాలమూరు జిల్లా నుంచి బొంబాయి కామాటిపురాకు కోడలిగా వచ్చేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. మా మామ నర్సింహులుకు తాత అయినాయన సున్నం తట్ట మోయడానికి బొంబాయి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. మామ దాకా వచ్చేసరికి తట్ట పోయి తుపాకి వచ్చింది. సొంత తుపాకి, సొంత లైసెన్సు ఉన్నవాళ్ళను బ్యాంకులు కాపలాకు పెట్టుకునే రోజులవి. మామకు చదువు లేదు, పొడుగు లేదు, మీసం మాత్రం ఉంది. మీసం ఉన్నవాళ్ళు మా గల్లీలోనే బోలెడంతమంది, తుపాకి ఉన్నది మామ ఒక్కడికే. ఇంట్లో పొయ్యి వెలిగేది దానివల్లే. ఈ సంగతి అందరికన్నా ముందు తుపాకికే తెలిసినట్టుండేది, దాని దర్జా అలాంటిది.

ఒకటే ఖోలీ, ఒక్క గది. అందులో అత్తమ్మ, మామ, మా ఆయన, నేను. కొత్త జంట కదా అని మాకు పైన మాళా ఇచ్చారు. అది అటక లాంటిది, కూర్చుంటే తల తగిలేది. కింద మంచి గోడ, చెమ్మ రాని గోడ, ఎండ నేరుగా పడని గోడ ఒక్కటే ఉంటే అది తుపాకికి పోయింది. ఒక పక్క దేవుడి పటం, ఒక పక్క గడియారం, మధ్యలో అది. తూటాలు బ్యాంకులోనే పెట్టి తాళం వేసేవాళ్ళు కాబట్టి ఇంట్లో అది ఉత్త కట్టే ఇనుమూ. అది పేలగా విన్నవాళ్ళెవరూ మా వరస గదుల చాల్‌లో లేరు. అయినా దాని ముందు కాళ్ళు చాపి కూర్చోవడానికి లేదు. నేను వచ్చిన మొదటి వారంలోనే అత్తమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. “పిల్లా, ఈ ఇంట్ల నాకొక సవతున్నది. గోడకున్నది సూడు, అదే. దానికి కోపమొస్తె మీ మామ అన్నం తినడు. యాదివెట్టుకో.”

సవతే మరి, చాకిరీ అలా ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున టీ తాగాక మామ నేల మీద గోనెపట్టా పరిచి, గొట్టాలు విప్పి పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. కట్టెను ఒళ్ళో పడుకోబెట్టుకునేవాడు. అది అక్రోటు కట్టెట. దాన్ని ఆయన కుందా అనేవాడు. దానికి వార్నిష్ లేదు, ఉత్త నూనె తాగిన కట్టె. వార్నిష్ వేస్తే పైకి మెరుస్తుంది గానీ లోపల కట్టెకు ఊపిరాడదని ఆయన సిద్ధాంతం. ఫాక్‌లాండ్ రోడ్డులో కుర్చీలకు పాలిష్ సామాను అమ్మే దుకాణంలో కాచిన అవిసె నూనె, తేనె మైనం కొనేవాడు. మైనాన్ని చిన్న డబ్బాలో వేసి, ఆ డబ్బాను మరిగే నీళ్ళ గిన్నెలో నిలబెట్టి కరిగించేవాడు. మంట మీదినుంచి దించి, దూరంగా తీసుకుపోయాక, నూనె, కాస్త టర్పెంటైన్ కలిపేవాడు. ఆ వాసన మా పప్పులోకీ, చీరల్లోకీ, పెళ్ళికి తెచ్చుకున్న నా ట్రంకు పెట్టెలోకీ ఎక్కింది. మొదటిసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, వెంటనే వదిలేసి, “ఏమే, నిన్ను తలుపులకు రంగులేసెటోళ్ళకిచ్చినమా?” అంది.

ముందు రెండు చుక్కల నూనె. గుడ్డతో కాదు, అరచేత్తో, కట్టె వేడెక్కిందాకా రుద్దాలి. మిగిలినదంతా తుడిచెయ్యాలి, లేకపోతే జిగురు కట్టి దుమ్ము పడుతుంది. అది ఇంకాక పలచగా మైనం. భుజానికి ఆనే వెనక కొసకు మాత్రం కాస్త మందంగా, ఎందుకంటే వానాకాలం చెమ్మ అక్కడినుంచే లోపలికి దూరుతుంది. ఆఖర్న మెత్తటి పాత బట్టతో తుడుపు. ఆ మెత్తటి బట్టల దగ్గరే రామాయణం. ఎన్నో ఉతుకులకు పాలమీగడలా మెత్తబడిన అత్తమ్మ చీరలన్నీ ఒకటొకటిగా మాయమయ్యేవి. “నాకేమో గరుకుయి, దానికేమో మెత్తయి” అని అత్తమ్మ ఆదివారమంతా గొణిగేది. వాడిన నూనె గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయని మామ వాటిని బయట గదుల ముందున్న గ్యాలరీ తాడు మీద విప్పి ఆరేసేవాడు. మా ఖోలీ ముందు ఎప్పుడూ పచ్చటి నూనె పేలికలు వేలాడుతూ ఉండేవి. వానాకాలంలో అయితే చెప్పనక్కర్లేదు. మామ రైన్‌కోటు తుపాకికి తొడిగి, తను తడుస్తూ గ్రాంట్ రోడ్డు స్టేషను దాకా నడిచేవాడు. జ్వరం ఆయనకు వచ్చేది, కషాయం అత్తమ్మ కాచేది, తుపాకి మాత్రం పొడిగా ఉండేది.

నేను వచ్చిన ఏడాది వానలు ఎంతకీ వదల్లేదు. దసరా దగ్గరకొస్తుండగా ఎండలు మొదలయ్యాయి గానీ, అప్పటికే కట్టె మీద అక్కడక్కడ తెల్లగా బూజు పొర లేచింది. సరిగ్గా అప్పుడే పిడుగులాంటి కబురు. బ్యాంకు పెద్దాఫీసు నుంచి కొత్త అధికారి వస్తాడట, దసరా మరునాడే తుపాకులన్నీ తనిఖీ చేస్తాడట. సరిగ్గా లేని తుపాకివాళ్ళను ఇంటికి పంపి, ఏజెన్సీ నుంచి కుర్రవాళ్ళను తెచ్చుకుంటారట. మామ రెండు రోజులు బూజు తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిన చోట పోవడం, పక్కన లేవడం. మామ మొహంలో నవ్వు పోయింది. మీసం కూడా కిందికి దిగినట్టు కనపడింది నాకు.

దసరా పొద్దున మామ గొట్టాలు విప్పి పెట్టెలో పెట్టి తాళం వేసి, బంతిపూల కోసం దాదర్ మార్కెట్టుకు వెళ్ళాడు. ఆయుధపూజ రోజున తుపాకికి ఎప్పుడూ ఒక్కటే మర్యాద, గొట్టం మీద చిటికెడు కుంకుమ. కట్టెను ముట్టుకోనిచ్చేవాడు కాదు. కానీ ఆ రోజు ఆయన లేడు, అత్తమ్మకు బెంగ పెరిగింది. కట్టెకు బూజు పట్టింది, పురుగు పట్టొచ్చు, ఉద్యోగం పోవచ్చు. తెలుగింటి ఆడదానికి కట్టెను కాపాడే విద్య ఒక్కటే వచ్చు. గడపకు ఏం చేస్తాం? కడిగి పసుపు రాస్తాం. పురుగు రాదు, శుభం కూడా. అత్తమ్మ మైనం డబ్బా తీసి, దాంట్లోకి నూనె వంచి, గుప్పెడు పసుపు వేసి కలిపింది. “సవతి అనుకుంట ఇన్నేండ్లు దూరం వెట్టిన. ఒక్కనాడన్న మంచిగ జేస్త” అంటూ పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు ఆ కొస నుంచి ఈ కొస దాకా పట్టించింది. బూజు నిజంగానే పోయింది. తుపాకి గుమ్మడిపండు రంగులో నిగనిగలాడింది. మా గడప కూడా ఎన్నడూ అంత అందంగా లేదు.

మామ బంతిపూల సంచితో తలుపులోకి వచ్చాడు. చూశాడు. సంచి కింద పెట్టి, తనూ గడప మీద కూలబడ్డాడు. 

“ఏంజేసినవే?”

“బూజు వోయింది గదా. సూడు, జెర్ర దగ్గరికొచ్చి సూడు.”

“రేపు దీన్నేసుకొని బ్యాంకుకు వోవాల్నా? దొంగలొస్తె గిదేంది, హల్దీ ఫంక్షనా అంటరు!”

అరుపు విని పక్క ఖోలీ సాయమ్మ వచ్చింది. సాయమ్మకు ఒకరు అడిగి ఒకరు చెప్పేదాకా ఆగే అలవాటు లేదు. పసుపు మరక చూడగానే “దీనికింత లొల్లా?” అంటూ బట్టల సబ్బు, కొబ్బరి పీచు పట్టుకొచ్చి, మామ లేచి నిలబడేలోగా నురగ తెప్పించేసింది. సబ్బు తగిలిందో లేదో పసుపంతా ఎర్రగా మారిపోయింది. నుదుటి కుంకుమకూ ఆ కట్టెకూ తేడా లేదు. సాయమ్మ చేతిలోంచి సబ్బు జారిపోయింది. పీచు పడేసి రెండు చేతులూ జోడించింది. “అమ్మొచ్చింది! దసరానాడు అమ్మొచ్చింది!”

మా చాల్‌లో ఆడవాళ్ళందరూ రోజూ మొగుళ్ళ బనియన్లు ఉతికేవాళ్ళే. పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రబడుతుందని పసిపిల్లకు కూడా తెలుసు. కానీ బనియను మీద ఎర్రబడితే సబ్బు, తుపాకి మీద ఎర్రబడితే అమ్మవారు. పదినిమిషాల్లో మెట్ల దాకా లైను కట్టారు. కొబ్బరికాయలు, అగరొత్తులు, రవిక ముక్కలు, నిమ్మకాయల దండ ఒకటి. ఎవరో డోలక్ కూడా తెచ్చారు. కింద ఫోరస్ రోడ్డు వైపు తిరిగే హవల్దారు తుపాకి గొడవ అని విని మెట్లు ఎక్కి వచ్చాడు. “నర్సింహులు, హే కాయ్ చాల్‌లంయ్?” అని, ఇక్కడేం జరుగుతోందని గట్టిగా అడిగినవాడే, కట్టెను చూసి బూట్లు విప్పి, దణ్ణం పెట్టి, కొబ్బరిముక్క నోట్లో వేసుకుని దిగిపోయాడు. మామ మాత్రం ఎవరినీ ఏమనలేక, దేవతను బయటికి పొమ్మనలేక, పొయ్యి పక్కన మోకాళ్ళలో తలపెట్టుకుని కూర్చున్నాడు. ఏజెన్సీ కుర్రవాళ్ళు అప్పటికే ఆయన కళ్ళముందు బ్యాంకు గుమ్మంలో నిలబడి ఉన్నారనుకుంటాను. పెద్దమనిషి, నాకు చూడ్డానికే కష్టమనిపించింది.

అత్తమ్మ ఆయన వైపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, గిన్నెలు సర్దుతున్నట్టు వంగి, నెమ్మదిగా అడిగింది. “పిల్లా, నిమ్మకాయ వెడితె ఎరుపు వోతదా?”

“పోతది అత్తమ్మా, మళ్ళ పసుపయితది.”

“పసుపు పట్టిన బట్టనేం జేస్తం?”

“ఎండల ఏస్తం.”

అత్తమ్మ తల ఊపి లేచింది. కొప్పు విప్పింది. ఒక్కసారిగా ఊగడం మొదలుపెట్టింది. నేను భయపడి గోడకు ఆనుకున్నాను. “నాకు మంటగున్నదిరా!” అని అరిచింది. “నిమ్మకాయ తానం జేపియ్యుండ్రి!” ఇంక చూడాలి. దండలోని నిమ్మకాయలన్నీ కోసి తలా ఒకటి పిండారు. ఎరుపంతా దిగిపోయి మళ్ళీ పసుపు తేలింది. “శాంతించింది, అమ్మ శాంతించింది” అని సాయమ్మ కళ్ళు తుడుచుకుంది. అత్తమ్మ ఇంకా ఊగుతూనే ఉంది. “ఇగ నన్ను గచ్చి మీదికి దీస్కపోండ్రి. సూరీడును సూస్త. గొడుగు వట్టొద్దు!” డోలక్ మోగుతుండగా తుపాకి కట్టె పళ్ళెంలో ఊరేగుతూ మెట్లెక్కింది. వెనక మామ, పరుగెత్తాలో మొక్కాలో తెలియక.

అక్టోబరు ఎండ బొంబాయిలో ఎలా ఉంటుందో ఇక్కడ బతికినవాళ్ళకు తెలుసు. గచ్చి మీద, అంటే పైన డాబా మీద, ఆరేసిన చీరల మధ్య కట్టె పడుకుంది. ఎండకు కట్టె బీట తీస్తుందేమోనని మామ పక్కనే గొంతుక్కూర్చుని, రొట్టె కాల్చినట్టు ఈ పక్కా ఆ పక్కా తిప్పుతూ ఉన్నాడు. భక్తులకు గంటన్నర దాకా భక్తి ఉంది, తర్వాత మాడు కాలింది. రంగు వెలవెలబోయే కొద్దీ “అమ్మ పోతున్నది” అనుకుంటూ ఒక్కొక్కరే భోజనాలకు దిగిపోయారు. ఎండ వాలేసరికి గచ్చి మీద మేం ముగ్గురం, ఒక కట్టె మిగిలాం. పసుపు ఛాయ కట్టె సన్నబడే మెడ దగ్గర కొంచెం ఉందంటే ఉంది. అత్తమ్మకు నిజంగా పూనకం వచ్చిందా, లేక మొగుడి ఉద్యోగం కోసం అంత ఆట ఆడిందా, ఆమె బతికున్నన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాను. “అమ్మోరిని అడుగు, నన్నెందుకడుగుతవ్?” అనేది.

సబ్బుకూ నిమ్మరసానికీ ఎండకూ కట్టె లోపలి నూనెంతా పోయి పాలిపోయింది. మామ అక్కడే కూర్చుని టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, అరచేత్తో నూనె ఎక్కించడం మొదలుపెట్టాడు. నేను కిందికి పోయి మైనం కరిగించి తెచ్చాను. తుడవడానికి మెత్తటి గుడ్డ లేదు, ఉన్నవన్నీ పసుపుకే అయిపోయాయి. మామ అడగలేదు. అత్తమ్మే లేచి వెళ్ళి తన నీలం రంగు చీర తెచ్చింది. నా పెళ్ళిలో కట్టుకున్న చీర, పండక్కి తప్ప తీసేది కాదు. కొంగు దగ్గర పళ్ళతో కొరికి సర్రున చింపింది. “ఇగో” అని ముక్క ఆయన ఒళ్ళో పడేసి, ఇటు తిరిగి కొప్పు వేసుకుంది. ఆయన చాలాసేపు రుద్దాడు. అంత ఓపికతో ఆయన తుపాకిని ఎన్నడూ రుద్దలేదు. కట్టెలోని చారలు ఒకటొకటిగా పైకి తేలాయి.

మరునాడు మామ బ్యాంకుకు వెళ్ళాక చాల్‌లో ఎవరికీ పని సాగలేదు. సాయంత్రం ఆయన మెట్లెక్కుతుంటే గ్యాలరీ అంతా మనుషులే. మామ వాళ్ళ మధ్యలోంచి లోపలికి వచ్చి, తుపాకిని గోడకు తగిలించాడు.

“నౌకరున్నదా?” అంది అత్తమ్మ.

“ఉన్నది.”

బయట సాయమ్మ కేక పెట్టింది. చప్పట్లు, ఈలలు, అమ్మవారికి జేజేలు. అత్తమ్మ గబగబా కంచం పెట్టి అన్నం వడ్డించింది. మామ కంచం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కోకుండా అలాగే ఉన్నాడు.

“ఇగేమయింది? తిను.”

“గొట్టాలు ఇరిసి లోపల సూసిండు” అన్నాడు మామ. “నంబరు సూసిండు. లైసెన్సు సూసిండు. సంతకం జేసిండు. కట్టె దిక్కు కన్నెత్తి గూడ సూడలే.”

నాకు నవ్వు తన్నుకొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను. కానీ ఆయన కళ్ళు చూశాక నవ్వు దిగిపోయింది. ఉద్యోగం దక్కిన మనిషి కాదు ఆయన, ఏదో పోగొట్టుకున్న మనిషిలా ఉన్నాడు. ఇప్పుడు నా ఇంట్లో అరచేత్తో రుద్దవలసిన వస్తువు ఒక్కటి లేదు. అన్నీ ప్లాస్టిక్‌వే, తడిగుడ్డతో తుడిస్తే సరి, పాడైతే పారేస్తే సరి. హాయిగానే ఉంది, నాకు నడుం నొప్పి కూడా తగ్గింది. ఆ వాసన మళ్ళీ కావాలా అంటే వద్దంటాను. కానీ మంచి ఫ్లాటులో, మంచి సోఫాలో కూర్చుని మా వాళ్ళు ఒకరు చేసింది ఒకరు చూడకుండా ఫోన్లు చూసుకుంటుంటే, ఆ సాయంత్రం అత్తమ్మ చేసిన పని నాకు గుర్తొస్తుంది. అలాంటిది నేను ఈ ఇంట్లో ఒక్కసారైనా చూడలేదు, నిజం చెప్పాలంటే చెయ్యనూ లేదు.

అత్తమ్మ లేచి చేతులు కడుక్కుంది. తడి లేకుండా కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది. గోడ మీది తుపాకిని దించి, రెండు చేతుల మీదా పెట్టుకుని, గ్యాలరీ వెలుతురులోకి తీసుకుపోయింది. ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. తిప్పి చూసింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూసింది. ఆమెకేం తొందర లేదు. బయట జనం కూడా గోల ఆపేశారు.

“ఇగో” అంది చివరికి. “దీంట్ల నా ముక్కుపుల్ల మెరుస్తున్నది గదయ్యా.”

“యాడ?” అన్నాడు మామ.

లేచి వచ్చి, ఆమె భుజం మీదుగా వంగి, కట్టెలోకి చూశాడు. “అవు” అన్నాడు. ఇంకాసేపు చూశాడు. తర్వాత వెళ్ళి చెయ్యి కడుక్కుని అన్నం తిన్నాడు.